చిత్తుప్రతి, శుద్ధప్రతి: వీడియో కూర్పులో చివరి మెట్టు కథ



సరుకును ఓడ మీదికి ఎక్కిస్తే ఎగుమతి, ఓడ నుండి ఒడ్డుకు దించితే దిగుమతి. వీడియోలను కూర్చే సాఫ్టువేరులు తమ చివరి బొత్తానికి ఇంగ్లీషులో ఈ మొదటి పేరే పెట్టుకున్నాయి. దృశ్యాలను కోసి, అతికి, పాట చేర్చి, పేర్లు వేసి, అంతా సిద్ధమైన తరువాత ఎక్స్‌పోర్టు అనే ఆ బొత్తాం నొక్కితే ఒక పూర్తి ఫైలు తయారై బయటికి రావాలి. చాలాసార్లు వస్తుంది. కొన్నిసార్లు మాత్రం 70 శాతమో 90 శాతమో నడిచి, ఒక్క మాటైనా చెప్పకుండా సాఫ్టువేరు మూతపడిపోతుంది. సరుకంతా ఎక్కించిన ఓడ రేవు దాటకముందే మునిగినట్టు ఉంటుంది.

అప్పుడు ఎవరైనా అడిగే ప్రశ్న ఒక్కటే. ఇంతసేపూ తెర మీద చక్కగా నడిచిన బొమ్మ చివరి నిమిషంలో ఎందుకు కూలిపోయింది? దీనికి జవాబులు ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. ఇది మార్చి చూడండి, అది తీసివేసి చూడండి అని. ఆ ముక్కలకు అన్వయం కుదరాలంటే మాత్రం చరిత్రలోకి వెళ్లవలసిందే. తెలుగు పండితుడిగా బడిలో జీవితమంతా గడిపినవాణ్ణి కనుక, అన్వయం కుదరనిదే నాకు పద్యమూ అర్థం కాదు, యంత్రమూ అర్థం కాదు.

నేను చెప్పదలచినది ముందే చెబుతాను. అది చివరి నిమిషంలో జరిగిన ప్రమాదం కాదు. అసలు పని మొదలయ్యేదే ఆ నిమిషంలో. అంతవరకు మనం తెర మీద చూసినది చిత్తుప్రతి. శుద్ధప్రతి వ్రాయడం అప్పుడే ఆరంభమవుతుంది. వ్రాసే చేయి వేరు, నిర్ణయించే చేయి వేరు. ఈ రెండు చేతుల కథే కూర్పు కథ.

1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు పుచ్చుకొని జనానికి చూపిన 10 చిత్రాలలో కూర్పు అనేదే లేదు. ఒక్కొక్కటి నిమిషం లోపు నిడివి. కెమెరా తిప్పడం మొదలుపెట్టిన చోట మొదలు, ఆపిన చోట ముగింపు. తరువాతి కొద్ది ఏళ్లలో ఒక దృశ్యం పక్కన మరొక దృశ్యం అతికితే కథ పుడుతుందని దర్శకులు గ్రహించారు. 1903లో అమెరికాలో ఎడ్విన్ పోర్టర్ తీసిన 'ది గ్రేట్ ట్రైన్ రాబరీ' ఆ గ్రహింపునకు పేరుపడ్డ ఉదాహరణ. 1924లో ఐవాన్ సెరూరియే తయారు చేసిన మూవియోలా అనే యంత్రం వచ్చిన తరువాత, ఫిలిమును కదిలిస్తూ కంటితో చూసుకుంటూ కోసే సౌకర్యం కలిగింది. మన తెలుగు చిత్రాలలో ఈ పనికి 'కూర్పు' అని పేరు వేసేవారు. ఎంత చక్కని మాట! కోయడం అందులో లేదు, కలపడమే ఉంది.

ఆ ఫిలిము కాలంలోనే రెండు చేతులూ స్పష్టంగా వేరుపడ్డాయి. కెమెరాలో తిరిగిన అసలు నెగెటివును కూర్పరి ముట్టుకొనేవాడు కాదు. దాని నుండి తీసిన ఒక మామూలు ప్రతి మీద కోతలూ అతుకులూ చేసుకొనేవాడు. అది గీతలు పడినా, చిరిగినా, నూరుసార్లు మార్చినా నష్టం లేదు. అదే చిత్తుప్రతి. దర్శకుడు ఇక చాలునన్న తరువాత, ఫిలిము అంచున అచ్చయి ఉండే వరుస అంకెలను చూసుకొని, నెగెటివు కోసే నిపుణుడు వేరొక గదిలో, నూలు చేతితొడుగులు వేసుకొని, అసలు నెగెటివును ఆ ప్రకారం కోసేవాడు. 35 మిల్లీమీటర్ల ఫిలిములో అడుగుకు 16 ఫ్రేములు. ఒక్క ఫ్రేము తప్పుగా కోస్తే అది తిరిగి రాదు. ఆ నెగెటివు నుండి ల్యాబులో ప్రతులు తీసేవారు. మన చిత్రాలకైతే మద్రాసులో ఎల్.వి. ప్రసాద్‌గారి ల్యాబు వంటి చోట్ల ఈ పని జరిగేది. కూర్పరి పేరు తెర మీద పెద్ద అక్షరాలతో పడేది. నెగెటివు కోసిన మనిషి పేరు జనానికి తెలిసేది కాదు. కానీ శుద్ధప్రతి వ్రాసినది ఆ రెండో చేయి.

1956 ఏప్రిల్లో ఆంపెక్స్ సంస్థ షికాగోలో వీడియో టేపు యంత్రాన్ని ప్రదర్శించింది. రెండు అంగుళాల వెడల్పు గల టేపు. నాలుగు తలలు బిగించిన చక్రం నిమిషానికి 14,400 సార్లు తిరుగుతూ టేపు మీద అడ్డంగా బొమ్మను వ్రాసేది. చిక్కు ఏమిటంటే, ఫిలిము మీద బొమ్మ కంటికి కనబడుతుంది, టేపు మీద కనబడదు. అందుచేత మెత్తని ఇనుప పొడి కలిపిన ద్రావకాన్ని టేపు మీద పూసి, అయస్కాంతపు గీతలు తేలిన తరువాత, సూక్ష్మదర్శినితో చూస్తూ బ్లేడుతో కోసేవారు. గీతకు సరిగ్గా కోయకపోతే ఆ అతుకు వచ్చినప్పుడల్లా బొమ్మ తెర మీద దొర్లిపోయేది. ఇక్కడ చిత్తుప్రతి లేదు. కోసినదే శుద్ధప్రతి. రెండు చేతులూ కొంతకాలం ఒకటైపోయాయి.

బ్లేడును వదిలి, ఒక టేపు నుండి మరొక టేపు మీదికి కావలసిన ముక్కలను వరుసగా నకలు చేసుకొనే పద్ధతి 1960లలో వచ్చింది. చాలాకాలం టీవీ కేంద్రాలలో, తరువాత మన పెళ్లి వీడియోల దుకాణాలలో కూడా నడిచినది ఈ పద్ధతే. ఇందులో ఎగుమతి అనే మెట్టు లేనే లేదు. చివరి ముక్క అతికిన క్షణానికి పని పూర్తి. కాబట్టి చివరిలో కూలడం అనే సమస్యా లేదు. దీనికి చెల్లించే మూల్యం వేరు. నడుమ ఒక దృశ్యం తీసివేయాలంటే అక్కడి నుండి చివరి దాకా మళ్లీ చేయాలి. లేదా నకలుకు నకలు తీయాలి. నకలు తీసిన కొద్దీ బొమ్మ మాసిపోతుంది. తాళపత్రానికి ప్రతి, ఆ ప్రతికి మరొక ప్రతి వ్రాసిన కొద్దీ లేఖక దోషాలు పెరిగినట్టే.

ఈ చిక్కును విడదీసినది 1971లో వచ్చిన సీఎంఎక్స్ 600 అనే యంత్రం. సీబీఎస్, మెమొరెక్స్ సంస్థలు కలిసి తయారు చేశాయి. వెల సుమారు 2,50,000 డాలర్లు. పెద్ద పెద్ద డిస్కులలో సుమారు అరగంట దృశ్యాన్ని నాసిరకపు నలుపు తెలుపు బొమ్మగా దాచుకొనేది. కూర్పరి కాంతికలంతో తెర మీద తాకుతూ, ఏ ముక్కనైనా ఎప్పుడైనా చూసి, ముందు వెనుకలు మార్చుకొనేవాడు. ఇంత చేసి ఆ యంత్రం బయటికి ఇచ్చేది బొమ్మను కాదు. ఒక పట్టికను! ఫలానా టేపులో ఫలానా గంట, నిమిషం, సెకను, ఫ్రేము నుండి ఫలానా ఫ్రేము దాకా తీసుకొమ్మని చెప్పే నిర్ణయాల పట్టిక. అది చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ మీద వచ్చేది. దాన్ని మరొక యంత్రానికి ఇస్తే, అది అసలు రెండంగుళాల టేపుల నుండి ముక్కలను తెచ్చి శుద్ధప్రతిని తయారు చేసేది.

మిత్రులారా, ఈ సంగతిని గట్టిగా పట్టుకోండి. ఈనాడు మన కంప్యూటరులో ఉండే ప్రాజెక్టు ఫైలు ఆ కాగితపు పట్టీకి మనుమడు. అందులో బొమ్మలు లేవు, ధ్వని లేదు. ఏది ఎక్కడ ఉన్నదో, దానికి ఏమి చేయాలో చెప్పే పట్టిక మాత్రమే ఉన్నది. అందుకే గంటన్నర వీడియోకు సంబంధించిన ప్రాజెక్టు ఫైలు చాలా చిన్నదిగా ఉంటుంది.

తరువాతి చరిత్ర వేగంగా సాగింది. 1984లో లూకస్ ఫిల్మ్ వారి ఎడిట్‌డ్రాయిడ్ లేజరు డిస్కులతో వచ్చింది. 1989లో బిల్ వార్నర్ స్థాపించిన ఆవిడ్ సంస్థ తన మొదటి యంత్రాన్ని మాకింటాష్ కంప్యూటరు ఆధారంగా చూపింది. 1996 నాటి 'ది ఇంగ్లీష్ పేషెంట్' చిత్రానికి వాల్టర్ మర్చ్ ఆస్కారు పొందారు. డిజిటల్ పద్ధతిలో కూర్చిన చిత్రానికి కూర్పు విభాగంలో ఆ బహుమతి రావడం అదే మొదలు. ఇంత జరిగినా రెండో చేయి మాయం కాలేదు. ఆవిడ్ మీద కూర్చినది చిత్తు. నిర్ణయాల పట్టికను పట్టుకొని సినిమాకు నెగెటివు కోసేవారు, టీవీకి ఖరీదైన గదిలో ఇంజనీరు మేలైన టేపు తయారు చేసేవాడు. ఎక్కడైనా టేపు పాడై ఉంటే, లెక్క కుదరకపోతే, ఆ ఇంజనీరు పని ఆపి, కూర్పరిని పిలిచి అడిగేవాడు. ఈ 'పిలిచి అడగడం' అన్నది ముఖ్యం.

1991 డిసెంబరులో అడోబీ ప్రీమియర్ వచ్చింది. 1995లో డీవీ క్యాసెట్లు, 1999లో ఫైనల్ కట్ ప్రో, ఐమూవీ, 2000లో విండోస్ మూవీ మేకర్ వచ్చాయి. కూర్పు మన ఇంటి బల్ల మీదికి దిగింది. నెగెటివు కోసే నిపుణుడు, ల్యాబు, ఇంజనీరు, ఖరీదైన గది, ఇవన్నీ ఒక్క బొత్తాంలో ఇమిడిపోయాయి. ఆ బొత్తామే ఎక్స్‌పోర్టు. మనుషులు చేసిన పనిని యంత్రం చేస్తుంది, సంతోషమే. కానీ చిక్కు వచ్చినప్పుడు పని ఆపి, పిలిచి అడిగే మర్యాద దానికి అబ్బలేదు. చేతకాకపోతే కూలిపోతుంది, అంతే. కనుక ఆ అడగవలసిన ప్రశ్నలను మనమే అడుగుకోవాలి.

మొదట, చిత్తుప్రతి ఎందుకు కూలదో చూద్దాం. మన దేశపు పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేమును తయారు చేయడానికి సెకనులో 25వ వంతు మాత్రమే వ్యవధి. అంతలో తయారు కాకపోతే సాఫ్టువేరు ఆ ఫ్రేమును వదిలి తరువాతిదానికి వెళ్లిపోతుంది. బొమ్మను సగం పరిమాణంలో చూపుతుంది. పాడైన చోటును దాటేస్తుంది. మనకు అది తెలియనే తెలియదు. ఎగుమతి వేళ అలా దాటడానికి వీలులేదు. 52 నిమిషాల వీడియో అంటే 78,000 ఫ్రేములు. ప్రతి ఒక్కటీ పూర్తి పరిమాణంలో, వరుస తప్పకుండా తయారు కావాలి. చిత్తుకు క్షమాగుణం ఉన్నది, శుద్ధప్రతికి లేదు. అదీ రహస్యం.

ఇక అడగవలసిన ప్రశ్నలు. ప్రతిదాని వెనుకా చరిత్ర మిగిల్చిన ఒక బాకీ ఉన్నది.

మొదటి ప్రశ్న, వ్రాయడానికి చోటు ఉన్నదా? 1996లో వచ్చిన ఫ్యాట్32 అనే డిస్కు అమరికలో ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు. డీవీ వీడియో సెకనుకు సుమారు 3.6 మెగాబైట్లు తీసుకొంటుంది. అంటే 20 నిమిషాలు కాకుండానే ఆ హద్దు వస్తుంది. డిస్కులో ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు. ఈనాటికీ పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు కొన్ని ఈ అమరికతోనే దొరుకుతున్నాయి. కనుక ఎగుమతిని పెన్‌డ్రైవు మీదికి నేరుగా చేయక, కంప్యూటరు లోపలి డిస్కు మీదికి చేయాలి. తాత్కాలిక ఫైళ్లు పేరుకొనే చోట కూడా ఖాళీ ఉండాలి.

రెండో ప్రశ్న, జ్ఞాపకం చాలుతుందా? 32 బిట్ల కాలంలో ఒక సాఫ్టువేరు ఎంత గొప్పదైనా, విండోస్ దానికి మామూలుగా ఇచ్చేది 2 గిగాబైట్ల చోటు. 2010లో ప్రీమియర్ ప్రో, 2011లో ఫైనల్ కట్ ప్రో 64 బిట్లకు మారి ఆ సంకెల తెంచుకున్నాయి. అయితే జ్ఞాపకాన్ని మింగే వస్తువులు కూడా ఆ మేరకు పెరిగాయి. ఒక ఫోటో 6000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు ఉన్నదనుకుందాం. మొత్తం 2.4 కోట్ల చుక్కలు. చుక్కకు 4 బైట్ల చొప్పున 9.6 కోట్ల బైట్లు, అంటే 96 మెగాబైట్లు. డిస్కులో ఏడెనిమిది మెగాబైట్లుగా ముడుచుకొని పడుకున్న ఫోటో, జ్ఞాపకంలో విప్పితే ఇంత అవుతుంది. అటువంటివి నూరు పేర్చిన పదవీ విరమణ సభ వీడియో కూలడంలో వింత ఏమున్నది? వీడియో తెరకు కావలసినది 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు మాత్రమే. ఫోటోలను ముందే తగ్గించి చేర్చుకోవడం ఉత్తమం.

మూడో ప్రశ్న, మూలప్రతి సరిగ్గా ఉన్నదా? వీడియోను కుదించే పద్ధతులలో చాలావాటికి ఒక స్వభావం ఉన్నది. ఒక బొమ్మను పూర్తిగా వ్రాసి, తరువాతివాటిలో తేడాలను మాత్రమే వ్రాస్తాయి. మిగిలినది మనం పై వాక్యం నుండి కర్తను అధ్యాహారం చేసుకున్నట్టు, యంత్రం పక్క బొమ్మల నుండి తెచ్చుకోవాలి. ఆధారమైన బొమ్మ చెడితే దాని మీద నిలిచినవన్నీ చెడతాయి. పైగా ఫోన్లతో తీసిన వీడియోలలో సెకనుకు ఇన్ని ఫ్రేములనే నియమం కూడా స్థిరంగా ఉండదు. వెలుతురును బట్టి, ఫోను శ్రమను బట్టి మారుతుంది. కొన్ని సాఫ్టువేరులు ఇక్కడ తడబడతాయి. దీనికి విరుగుడు, కూర్చేముందే ఆ వీడియోలను స్థిరమైన వేగానికి, ప్రతి బొమ్మా స్వతంత్రంగా ఉండే మాధ్యమిక రూపానికి మార్చుకోవడం. 2004 నాటి డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, 2007 నాటి ప్రోరెస్ అటువంటి రూపాలు. వాటిలో ప్రతి బొమ్మా శతక పద్యం వంటిది. ముందు వెనుకలతో పని లేకుండా తన అర్థం తాను చెబుతుంది. ఫైలు పెద్దదవుతుంది, కానీ యంత్రానికి తేలిక. 2000లో ఆరంభమైన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్టువేరు ఈ మార్పిడిని చక్కగా చేసిపెడుతుంది.

నాలుగో ప్రశ్న, బొమ్మల కార్డు మాట వింటున్నదా? 2010 నాటి ప్రీమియర్ ప్రో నుండి, కూర్పు పనిలో పెద్ద భాగాన్ని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించడం బలపడింది. విండోస్‌లో విస్టా నాటి నుండి ఒక కాపలా నియమం ఉన్నది. కార్డు 2 సెకన్లపాటు జవాబు చెప్పకపోతే, అది స్తంభించిందని భావించి దాన్ని మళ్లీ మొదటికి తెస్తుంది. బరువైన ఫ్రేము మీద నిజంగా పనిచేస్తున్న కార్డు కూడా ఈ కాపలాకు చిక్కవచ్చు. అప్పుడు దాన్ని నమ్ముకున్న సాఫ్టువేరు కూలవచ్చు. ఎగుమతి వేళ కార్డు సహాయాన్ని ఆపివేసి ప్రయత్నిస్తే ఇది తేలిపోతుంది. ఆలస్యమవుతుంది, కాని పని పూర్తవుతుంది. పూర్తయితే, దోషం కార్డుదో దాని డ్రైవరుదో అని తెలుస్తుంది. డ్రైవరును మార్చి చూడవచ్చు.

ఐదో ప్రశ్న మనవారికి ప్రత్యేకం. అక్షరాలు కుదురుగా ఉన్నాయా? ఒత్తులూ గుణింతాలూ కలిపి వ్రాయడం యంత్రానికి సులభమైన పని కాదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం లోకప్రసిద్ధి పొందిన వైనం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ అక్షరపు కూడికలో కంటికి కనబడని ఒక విభాజక సంకేతం చేరిన రూపం వస్తే ఐఫోనులో దాన్ని చూపబోయిన సాఫ్టువేరులు కూలిపోయాయి. ఆపిల్ సంస్థ అదే నెలలో 11.2.6 అనే సవరణ విడుదల చేసి సరిచేసింది. జ్ఞానంలోని మొదటి అక్షరానికే యంత్రం తల తిరిగింది! వీడియోలో తెలుగు పేర్లు వేసేటప్పుడు అనుమానం కలిగితే, ఆ పేర్లను వేరుగా తయారు చేసుకొని, వెనుక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా చేర్చడం క్షేమం. అప్పుడు ఒత్తులు విడిపోయే బెడద కూడా ఉండదు.

ఇన్ని ప్రశ్నలలో దేనితో మొదలుపెట్టాలి? దీనికి ఒక గుర్తు ఉన్నది. ప్రతిసారీ ఒకే చోట కూలితే దోషం సామగ్రిలో ఉన్నది: ఒక వీడియో ముక్క, ఒక ఫోటో, ఒక అక్షరం. ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట కూలితే దోషం వసతిలో ఉన్నది: జ్ఞాపకం, డిస్కు, కార్డు, వేడి. ఈ ఒక్క భేదం తెలిస్తే సగం రోగనిర్ణయం అయినట్టే.

నా అనుభవంలోని ఒక ఉదాహరణ చెబుతాను. మా ప్రాంతంలో హరిదాసుగారు ఒకరు ఉండేవారు. 1994లో శ్రీరామనవమి పందిట్లో ఆయన చెప్పిన సీతాకల్యాణాన్ని పెళ్లిళ్ల వీడియోలు తీసే ఒకాయన వీహెచ్ఎస్ టేపు మీద పట్టాడు. హరిదాసుగారు పోయిన తరువాత వెతికితే, ఆయన ఆటా పాటా నిలిచి ఉన్న వస్తువు ఆ ఒక్క టేపే. సంవత్సరీకం దగ్గర పడినప్పుడు ఆయన మనుమరాలు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి తెచ్చి, "మాస్టారండీ, తాతగారి గొంతు పిల్లలంతా ఒక్కసారి వినాలండి. కాస్త కూర్చి పెట్టండి" అన్నది. 52 నిమిషాల కూర్పు తయారైంది. ఎగుమతి మాత్రం 71 శాతం దగ్గర కూలింది. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ అక్కడే. సంవత్సరీకానికి మూడు రోజులు ఉన్నది.

ఒకే చోట కూలుతున్నది కనుక దోషం సామగ్రిలో ఉన్నట్టు. దాన్ని పట్టుకోవడానికి సగాల పద్ధతి ఉన్నది. మొదటి 26 నిమిషాలు మాత్రమే ఎగుమతి చేశాను, బాగా వచ్చింది. రెండో సగంలో మొదటి 13 నిమిషాలు చేశాను, కూలింది. దాన్ని మళ్లీ సగం. ఇలా ఏడుసార్లు సగం చేస్తే 52 నిమిషాలు 24 సెకన్లకు కుదించుకుపోయాయి. ఆ 24 సెకన్లను ఫ్రేము తరువాత ఫ్రేముగా చూస్తే, 37వ నిమిషంలో, సరిగ్గా శివధనుస్సు విరిగే ఘట్టంలో, టేపు ఎప్పుడో నలిగి 9 ఫ్రేములు పాడై ఉన్నాయి. దాసుగారు విల్లు విరవగానే సాఫ్టువేరూ విరిగిపోతున్నదన్నమాట! చిత్తుప్రతి నడిచేటప్పుడు ఆ తొమ్మిదింటిని దాటేస్తూ వచ్చింది. సెకనులో మూడో వంతుకు కొంచెం ఎక్కువ, కన్ను పట్టుకోలేదు.

ధ్వని మాత్రం చెక్కుచెదరలేదు. ఆ 9 ఫ్రేములను తీసివేసి, వాటికి ముందున్న మంచి ఫ్రేమును నిశ్చల చిత్రంగా ఆ మేరకు నిలిపి, కింద ధ్వనిని యథాతథంగా సాగనిచ్చాను. ఎగుమతి నూరు శాతం నడిచింది. పోయిన ఫ్రేములను ఊహించి అల్లిపెట్టే సాఫ్టువేరులు ఇప్పుడు ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. తాళపత్రం విరిగి అక్షరాలు పోయిన చోట మన పాత పరిష్కర్తలు చుక్కలు పెట్టి 'గ్రంథపాతం' అని వ్రాశారు. సొంత కవిత్వంతో పూరించి కవి పేరు పెట్టడం పరిష్కర్త ధర్మం కాదు. అందుచేత చివరి పేర్లలో, టేపు శిథిలమైనందున 37వ నిమిషంలో 9 ఫ్రేములు లుప్తమయ్యాయని ఒక పంక్తి చేర్చాను. సంవత్సరీకం నాడు ఇంటి అరుగు మీద దాన్ని చూసినవారిలో ఆ లోపాన్ని ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టదలచినవారికి మాత్రం ఆ పంక్తి ఉన్నది.

దోషం ఎంతకీ దొరకనప్పుడు మరొక ఉపాయం ఉన్నది. వీడియోను నాలుగైదు భాగాలుగా ఎగుమతి చేసి, ఆ భాగాలను కొత్త ప్రాజెక్టులో చేర్చి కలపడం. భారతం అలాగే కదా తెలుగైంది! నన్నయగారు అరణ్యపర్వం నడుమ ఆగితే, తిక్కనగారు విరాటపర్వం నుండి అందుకొన్నారు, మిగిలిన భాగాన్ని ఎఱ్ఱనగారు పూరించారు. ఒక్క విడతలోనే కావాలని పట్టుబట్టి ఉంటే మనకు భారతమే ఉండేది కాదు. అయితే భాగాలను మాధ్యమిక రూపంలోనే ఎగుమతి చేయాలి. ఎక్కువగా కుదించిన రూపంలో చేస్తే నకలుకు నకలు తీసిన పాత జబ్బు మళ్లీ వస్తుంది.

ఈ శ్రమంతా ఎందుకు, ప్రాజెక్టు ఫైలు ఉన్నది కదా, ఎప్పుడో ఒకప్పుడు ఎగుమతి చేసుకోవచ్చునని ఊరుకొనేవారు కొందరు ఉన్నారు. వారికి ఒక్క మాట. విండోస్ మూవీ మేకర్‌ను దాని సంస్థ 2017 జనవరిలో ఉపసంహరించుకొన్నది. దానిలో ఎంత మంది ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని బడి పండుగలు కూర్చి ఉంటారో! ఎగుమతి చేసినవారి దగ్గర వీడియో ఉన్నది. ప్రాజెక్టును మాత్రమే దాచుకున్నవారి దగ్గర, చదివే యంత్రం కరువైన ఒక పట్టిక ఉన్నది. సీఎంఎక్స్ కాగితపు పట్టీ ఇప్పుడు చేతికి దొరికినా దాన్ని వినే యంత్రం ఏది? పట్టిక గ్రంథం కాదు. విషయసూచికను దాచుకొని గ్రంథాన్ని దాచుకున్నామని అనుకోరాదు.

కనుక నా సలహా. కూర్పు ముగిసిన నాడే ఎగుమతి చేయండి. మొదలు నుండి చివరి దాకా ఒకసారి కూర్చొని చూడండి. దాన్ని రెండు వేరు వేరు చోట్ల దాచండి. అసలు దృశ్యాలను పారవేయకండి. ఇంటి పెద్దల గొంతులున్న పాత టేపులు అటక మీద ఉంటే, అవి నలిగిపోకముందే దించండి. ప్రతి వానాకాలమూ వాటిలో కొన్ని ఫ్రేములను తీసుకుపోతూనే ఉన్నది.

సెలవు.